మంచం పక్కన ఉన్నవారు: చిత్తూరు సీమ వైద్య పరిచర్య చరిత్ర, మతిమరుపు వ్యాధి, నేటి సంఘం

ఉపోద్ఘాతం

సంఘ దర్శనానికి వెళ్లే ప్రతి కాపరికీ ఈ ఇల్లు తెలుసు. వసారాలో మంచం మీద డెబ్బయి అయిదేళ్ల తల్లి కూర్చుని ఉంటుంది. ఒకప్పుడు స్త్రీల సమాజంలో ప్రార్థన నడిపించిన మనిషి. ఇప్పుడు కాపరిని చూసి “నువ్వెవరు నాయనా?” అని అడుగుతుంది. చెప్పిన అయిదు నిమిషాలకు మళ్లీ అదే అడుగుతుంది. పక్కన నిలబడిన కోడలు నవ్వడానికి ప్రయత్నిస్తుంది. కాపరి ఒక కీర్తన చదివి, ఆ తల్లి తలమీద చేయి ఉంచి ప్రార్థించి బయలుదేరతాడు. గుమ్మం దాకా సాగనంపిన కోడలు, తాను ఆరు నెలలుగా ఆరాధనకు ఎందుకు రాలేకపోతున్నదో చెప్పబోయి ఆగిపోతుంది. ఆ రోజు ఆమె కోసం ఎవరూ ప్రార్థించలేదు.

ఈ వ్యాసం ఆ కోడలిని గురించి. చిత్తూరు, తిరుపతి, మదనపల్లె ప్రాంతాలలోను, వాటికి ఆనుకొని ఉన్న వేలూరులోను జరిగిన క్రైస్తవ వైద్య పరిచర్య చరిత్రను మనం వైద్యుల వైపు నుంచి, సంస్థల వైపు నుంచి చాలాసార్లు చదివాం. అదే చరిత్రను రోగి మంచం పక్కన ఉన్నవారి వైపు నుంచి చదివితే ఏమి కనిపిస్తుంది? మతిమరుపు వ్యాధితో జీవిస్తున్న వృద్ధుల విషయంలో, వారిని చూసుకొనే కుటుంబాల విషయంలో నేటి సంఘానికి అది ఏమి నేర్పుతుంది? ఈ రెండు ప్రశ్నలను ఇక్కడ పరిశీలిద్దాం.

1. పేరు లేని బాధ

డిమెన్షియా అనే మాటకు మనం “మతిమరుపు వ్యాధి” అంటున్నాం గాని, ఆ మాట వ్యాధి అంతటినీ చెప్పదు. జ్ఞాపకశక్తితో పాటు ఆలోచన, మాట, దారి గుర్తుపట్టడం, డబ్బు లెక్క, బట్ట కట్టుకోవడం, చివరకు తిండి మింగడం వరకు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. ఇది వృద్ధాప్యంలో సహజంగా వచ్చే మార్పు కాదు, మెదడుకు వచ్చే జబ్బు. దీనికి కారణాలలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్ వ్యాధి. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే రకం కూడా సాధారణమే.

1901లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో, భార్యను ఇక ఇంట్లో చూసుకోలేని స్థితిలో ఒక భర్త ఆమెను మానసిక వైద్యశాలకు తీసుకువచ్చాడు. ఆమె పేరు ఆగస్టే డీటర్, వయస్సు 51. ఆమెను పరీక్షించిన అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు, 1906లో ఆమె మరణించిన తర్వాత మెదడును పరిశీలించి, అదే సంవత్సరం నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో తన పరిశోధనను వివరించాడు. 1910లో క్రేపెలిన్ ఆ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు. వైద్యుని పేరు వెంటనే లోకానికి తెలిసింది. రోగి దస్త్రం మాత్రం 1995లో గాని తిరిగి దొరకలేదు. ఆ భర్త ఇంట్లో పడిన పాట్లను చరిత్ర దాదాపు పట్టించుకోలేదు. మన అంశానికి ఇది మొదటి పాఠం.

మన దేశంలో ఈ స్థితికి వ్యాధి పేరు లేకపోయినా వాడుక మాటలు ఉన్నాయి. మన తెలుగిళ్లలో “చాదస్తం”, “చిన్నపిల్ల అయిపోయింది”, “వయసు మీద పడింది” అంటారు. కన్నడ సరిహద్దున ఉన్న పలమనేరు, కుప్పం వైపు “అరవత్తక్కె అరళు మరళు” అనే కన్నడ సామెత వినని వారుండరు. అరవై వచ్చేసరికి మతి తడబడుతుందని దాని భావం. కాశీలో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్, 1998లో వెలువడిన తన గ్రంథంలో, హిందీలో కూడా అరవై అనే సంఖ్య నుంచే పుట్టిన ఇలాంటి మాట ఒకటి ఉన్నదని చర్చించాడు. కేరళ పరిశోధకులు అక్కడి ప్రజలు దీనిని “చిన్నతనం” అనే అర్థమున్న మాటతో పిలుస్తారని గమనించారు.

ఈ మాటలలో ఒక మంచి ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. వృద్ధుని వెలివేయకుండా ఇంటి మనిషిగానే ఉంచడం మంచి. జబ్బు అని తెలియకపోవడం ప్రమాదం. జబ్బు అని తెలియనప్పుడు “కావాలనే చేస్తున్నది”, “కోడలి మీద కక్షతో అన్నం పెట్టలేదని వీధిలో చెబుతున్నది” అనే అపార్థం పుడుతుంది. కేరళలో రోగుల కుటుంబాలను కలిసి మాట్లాడిన పరిశోధకులకు సరిగ్గా ఇదే ఎదురైంది. చూసుకొనేవారిలో ఎక్కువమంది స్త్రీలు, వారిలో చాలామంది కోడళ్లు. రోగి ప్రవర్తనను బంధువులు బుద్ధిపూర్వకంగా చేసిన తప్పుగా అర్థం చేసుకుంటున్నారు.

2. వేరుచేసే వైద్యం: 1912

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లాలోని తాలూకాలకు కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు చేర్చి ఈ జిల్లాను రూపొందించారు. అప్పటికే ఇక్కడ మిషనెరీ సేవకు అర్ధశతాబ్ది చరిత్ర ఉంది. స్కడ్డర్ సోదరులు 1853లో ఆర్కాట్ మిషన్ స్థాపించారు. వైద్యుడు, బోధకుడు అయిన జేకబ్ చేంబర్లిన్ 1863లో మదనపల్లెకు వచ్చి, 1908లో అక్కడే కన్నుమూశారు. దక్షిణాన ఆగస్ట్ మీలియుస్ 1865లో ప్రారంభించిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ సేవ నుంచి, నేడు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఎదిగింది.

జిల్లా ఏర్పడిన మరుసటి సంవత్సరం, అంటే 1912లో, రెండు సంగతులు జరిగాయి. మొదటిది, బ్రిటిష్ ప్రభుత్వం భారత ఉన్మాదుల చట్టాన్ని చేసింది. మతి చలించినవారిని ఏ విధంగా ఆసైలంలో ఉంచాలో అది నిర్ణయించింది. మద్రాసు రాజధానిలోని ఈ ప్రాంతానికి పెద్ద ఆసైలం అంటే 1871 నుంచి కీల్పాక్‌లో ఉన్నదే. ఆ చట్టం స్థానంలో 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం వచ్చేవరకు అదే మన దేశంలో అమలులో ఉంది. రెండవది, డెన్మార్క్ దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో, వివిధ మిషన్లు కలిసి మదనపల్లెలో క్షయ రోగుల కోసం యూనియన్ మిషన్ శానిటోరియం ప్రారంభించాయి. 1915లో అది ఊరి వెలుపల, నేడు ఆరోగ్యవరం అని పిలిచే స్థలానికి మారింది.

ఆసైలం, శానిటోరియం ఒకటి కావు. మొదటిది భయంతో కట్టినది, రెండవది దయతో కట్టినది. అయినా రెండింటికీ ఒక పోలిక ఉంది. రెండూ రోగిని ఇంటి నుంచి వేరుచేశాయి. క్షయకు మందు లేని ఆ కాలంలో గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి ఆహారం, ఇతరులకు జబ్బు అంటకుండా దూరం, ఇవే చికిత్స. కనుక వేరుచేయడంలో న్యాయం లేకపోలేదు. ఆరోగ్యవరం ఎందరికో ప్రాణం పోసింది, దక్షిణ భారతంలో క్షయ వైద్యులకు శిక్షణ స్థలమైంది. ఆ తర్వాత అక్కడ బాధ్యత వహించిన డాక్టర్ పి. వి. బెంజమిన్ భారత ప్రభుత్వానికి క్షయ నివారణ సలహాదారు అయ్యారు.

మతి తప్పిన వృద్ధులు ఈ రెండు చోట్లలోను ఇమడలేదు. క్షయ కాదు గనుక శానిటోరియం వారిది కాదు. ఉన్మాదం అని ఎవరూ అనుకోలేదు గనుక ఆసైలానికీ సాధారణంగా పంపలేదు. వారు ఇంట్లోనే ఉన్నారు. ఇంట్లో ఉన్నవారిని చూసుకొన్నవారికి నివేదికలలో వరుస లేదు.

3. ఇంటికి మళ్లిన వైద్యం: 1950–1960

స్ట్రెప్టోమైసిన్, పాస్, 1952 నుంచి ఐసోనియాజిడ్ అందుబాటులోకి వచ్చాక క్షయ వైద్యం స్వరూపం మారింది. ఆరోగ్యవరంలో తండ్రి తర్వాతి తరంవాడైన జోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్, 1950–1955 మధ్య మదనపల్లె చుట్టుపక్కల జనాభాలో క్షయ వ్యాప్తిని అధ్యయనం చేశారు. దాని ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడ్డాయి. గోడల లోపల ఉన్న రోగులను మాత్రమే చూసిన వైద్యం, గోడలు దాటి గ్రామాలలోకి నడిచిన సందర్భం అది.

అదే కాలంలో, 1956లో, మద్రాసులో వాలెస్ ఫాక్స్ ఆధ్వర్యంలో ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రారంభమైంది. 193 మంది క్షయ రోగులలో కొందరికి శానిటోరియంలో, కొందరికి వారి పేద ఇళ్లలోనే ఏడాది పాటు ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇరుకు ఇంట్లో, చాలీచాలని తిండితో చికిత్స పొందినవారు కూడా దాదాపు శానిటోరియం వారంత బాగా కోలుకున్నారు. ఇంటివారికి జబ్బు అంటే ప్రమాదం కూడా అందువల్ల పెరగలేదు. ప్రపంచమంతటా శానిటోరియాలు మూతబడడానికి ఈ పరిశోధన ఒక ముఖ్య కారణమైంది. ఆరోగ్యవరం కూడా కాలక్రమంలో సాధారణ వైద్య కేంద్రంగా మారింది.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. మద్రాసు పరిశోధనలో “ఇంటి వైద్యం” అంటే రోగిని ఇంటికి పంపి మరచిపోవడం కాదు. రోగి ప్రతివారం కేంద్రానికి వచ్చి మందులు తీసుకొనేవాడు. ఆరోగ్య కార్యకర్తలు ముందుగా చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవారు. ఇంటి వెనుక ఒక సంస్థ నిలబడి ఉంది. ఇంటికి సహాయం చేరినప్పుడే ఇల్లు ఆసుపత్రికి సాటి అయింది. సహాయం చేరని ఇల్లు ఒంటరి ఇల్లే.

4. వేలూరు: కుటుంబం వార్డులోకి

ఇదే దశాబ్దంలో, చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరులో మరొక మార్పు జరిగింది. 1900లో ఐడా స్కడ్డర్ ఒకే మంచంతో మొదలుపెట్టిన వైద్య సేవ నుంచి ఎదిగిన క్రైస్తవ వైద్య కళాశాల, 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించింది. కెనడా నుంచి వచ్చిన డాక్టర్ ఫ్లోరెన్స్ నికొల్స్ దానికి ఆద్యురాలు. అక్కడ మొదటి నుంచీ ఒక నియమం ఏర్పడింది. మానసిక రోగి ఒంటరిగా చేరడు. కుటుంబంలో ఒకరైనా అతనితో ఉంటారు, వండిపెడతారు, వైద్యులతో మాట్లాడతారు, జబ్బును గురించి నేర్చుకుంటారు. అంతకు కొద్ది సంవత్సరాల ముందు అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగుల కుటుంబాలను ఉంచారు. వేలూరు దానిని శాశ్వత పద్ధతిగా చేసింది. 1960 దశకంలో అక్కడి వైద్యులు ఈ కుటుంబ పద్ధతిని గురించి అంతర్జాతీయ పత్రికలలో వ్రాశారు.

ఈ నిర్ణయంలో అవసరమూ ఉంది. నర్సులు తక్కువ, రోగులు ఎక్కువ. అయితే అవసరం నుంచి పుట్టిన పద్ధతిలో ఒక లోతైన గుర్తింపు కూడా కలిసింది. పాశ్చాత్య ఆసైలంలో కుటుంబం సందర్శకురాలు. వేలూరులో కుటుంబం సహపనివాడు. మంచం పక్కన కూర్చున్న తల్లి, భార్య, అన్న వైద్యంలో భాగంగా లెక్కకు వచ్చారు.

రెండు అనుభవాలను కలిపి చూస్తే మన ప్రాంతం నేర్పిన పాఠం స్పష్టమవుతుంది. క్షయ విషయంలో, సహాయం ఇంటికి వెళ్లాలి. మానసిక రోగం విషయంలో, చూసుకొనేవారు వైద్యంలో భాగస్వాములు. వీటికి ఇంకొక మాట చేర్చాల్సి ఉంది. చూసుకొనేవారికీ చూసుకొనేవారు కావాలి. ఈ మూడవ మాటను మతిమరుపు వ్యాధి ముందుకు తెచ్చింది. ఎందుకంటే క్షయ ఏడాదిలో నయమయ్యే జబ్బు, వేలూరు వార్డులో కుటుంబం ఉండేది కొంతకాలమే. మతిమరుపు వ్యాధి ఏళ్ల తరబడి సాగుతుంది, నానాటికీ ముదురుతుంది, పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు.

5. లెక్కకు వచ్చిన వృద్ధులు

మన దేశంలో ఈ వ్యాధిగ్రస్తుల కోసం ఒక సంఘం 1992లో కేరళలో ఏర్పడింది. డాక్టర్ జేకబ్ రాయ్ కురియకోస్ స్థాపించిన ఆ అల్జీమర్స్ సంస్థకు తర్వాత హైదరాబాదులో కూడా శాఖ ఏర్పడింది. 1998లో కొచ్చిలో “10/66” అనే పరిశోధక బృందం పుట్టింది. వ్యాధిగ్రస్తులలో మూడింట రెండు వంతుల మంది, అంటే 66 శాతం, పేద, మధ్యతరగతి దేశాలలో ఉంటే, పరిశోధనలో పది శాతం కూడా వారిని గురించి జరగడం లేదని ఆ పేరు భావం. ఆ బృందం భారతదేశంలో సర్వే చేసిన చోట్లలో చెన్నై నగరంతో పాటు వేలూరు గ్రామీణ ప్రాంతం ఉంది. అంటే మన పొరుగు పల్లెల అవ్వాతాతలు ప్రపంచ శాస్త్రజ్ఞానానికి తమ వంతు ఇచ్చారు.

2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం ప్రకారం 60 ఏళ్లు దాటిన భారతీయులలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ వ్యాధితో ఉన్నారు. స్త్రీలలోను, పల్లెలలోను ఇది మరింత ఎక్కువ. మన సంఘాలలో వృద్ధ స్త్రీలు ఎక్కువ, పల్లె సంఘాలు ఎక్కువ. కనుక ఈ లెక్క మన హాజరు పట్టీకి దూరమైనది కాదు.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక విశేషం ప్రకటించింది. రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో ఈ వ్యాధి, ఒకే భాష మాట్లాడేవారికంటే సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా కనిపించింది. చదువు రానివారిలోనూ ఈ తేడా ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే మన సీమకు ఇది ఆసక్తికరమైన వార్త.

చూసుకొనేవారి విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది 2008లో ప్రచురితమైన గోవా పరిశోధన. 81 కుటుంబాలు అందులో పాల్గొన్నాయి. శిక్షణ పొందిన సామాన్య స్త్రీలు ఇళ్లకు వెళ్లారు. జబ్బును గురించి వివరించారు, స్నానం, తిండి, రాత్రి లేచి తిరగడం వంటి సమస్యలలో సలహా చెప్పారు, చూసుకొనేవారి గోడు విన్నారు. ఆరు నెలల తర్వాత చూసుకొనేవారి మానసిక ఆరోగ్యం స్పష్టంగా మెరుగుపడింది. ఆ ఇళ్లకు వెళ్లినవారు వైద్యులు కారు. మన స్త్రీల సమాజపు సభ్యులవంటివారు.

6. సంఘం ఎక్కడ ఉంది?

ఈ చరిత్రకు వారసులమని చెప్పుకొనే మనం నిజాయితీగా మన లోపాలను ఒప్పుకోవాలి.

మొదటిది, వ్యాధిని దురాత్మగా, శాపంగా, రహస్య పాపానికి శిక్షగా చెప్పిన ప్రసంగాలు మన మధ్య ఉన్నాయి. ఉపవాస ప్రార్థనకు తెచ్చి, రాత్రంతా కూర్చోబెట్టి, అరిచి గద్దించినప్పుడు ఆ వృద్ధురాలు మరింత బెదురుతుంది. బాగుకాకపోతే ఇంటివారికి విశ్వాసం లేదనే నింద మిగులుతుంది. ప్రార్థించవద్దని ఎవరూ అనరు. ప్రార్థన పేరుతో భయపెట్టడం పరిచర్య కాదు.

రెండవది, చూసుకొనే భారం స్త్రీల ధర్మమని తేల్చి చేతులు దులుపుకొన్నాం. 1 తిమోతి 5వ అధ్యాయాన్ని చాలాసార్లు ఇందుకు వాడాం. అయితే అదే అధ్యాయంలో విధవరాండ్ర పేర్లు సంఘపు లెక్కలో వ్రాయడాన్ని గురించి కూడా ఉంది (5:9). అపొస్తలుల కార్యములు 6లో పట్టింపు లేకుండా పోయిన విధవరాండ్ర కోసం సంఘం ఏడుగురిని పేర్లతో సహా ఏర్పాటు చేసింది. ఆదిమ సంఘంలో ఇల్లు, సంఘం రెండూ భారం మోశాయి. ఒకదాని పేరు చెప్పి మరొకటి తప్పించుకోలేదు.

మూడవది, ప్రభువు బల్ల. తన్ను తాను పరీక్షించుకోలేని వ్యక్తికి రొట్టె, ద్రాక్షారసం ఇవ్వవచ్చునా అని కొందరు కాపరులు సందేహిస్తారు (1 కొరింథీ 11:28). పౌలు ఆ మాట వ్రాసిన సందర్భం చూడాలి. కొరింథులో కొందరు ముందుగానే తిని, లేనివారిని సిగ్గుపరచారు (11:21–22). ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని ఉండమనేది అక్కడి ముగింపు (11:33). బలహీన అవయవాన్ని బల్ల నుంచి దూరం చేయడానికి ఆ వాక్యాన్ని వాడితే, పౌలు ఖండించిన తప్పునే మనం చేసినవారమవుతాం. మనిషి దేవుని మరచినా దేవుడు మరువడనే వాగ్దానం (యెషయా 49:15) మీదనే బాప్తిస్మం నిలిచి ఉంది గాని మన జ్ఞాపకశక్తి మీద కాదు.

7. బర్జిల్లయి కోరిక

వృద్ధాప్యపు సంరక్షణను గురించి బోధించేటప్పుడు మనం ఎక్కువగా రూతును, నయోమిని తలుస్తాం. అంతగా తలవని ఒక వృద్ధుడు 2 సమూయేలు 19:31–39లో ఉన్నాడు. ఎనభై ఏళ్ల బర్జిల్లయి. దావీదు పారిపోయి వచ్చినప్పుడు మహనయీములో అతనికి పరుపులు, పాత్రలు, ఆహారం ఇచ్చి పోషించినవాడు. తిరిగి రాజైన దావీదు, యెరూషలేముకు వచ్చి తన దగ్గర ఉండమని పిలిచాడు. బర్జిల్లయి కాదన్నాడు. మంచి చెడ్డలు తనకు ఇక తెలియవని, తిండి రుచి, పాట మాధుర్యం తెలియవని, రాజుకు భారం కాదలచుకోలేదని చెప్పి, తన ఊరిలో తల్లిదండ్రుల సమాధి దగ్గర చనిపోనిమ్మని వేడుకొన్నాడు. అతనికి మతిమరుపు వ్యాధి ఉన్నదని వాక్యం చెప్పదు. తన శక్తులు తగ్గిపోతున్నాయని ఎరిగిన వృద్ధుని మాట మాత్రం అది.

దావీదు ఏమి చేశాడు? బలవంతంగా రాజనగరుకు తీసుకుపోలేదు. అలాగని అక్కడితో వదలలేదు. ముద్దు పెట్టుకొని దీవించి ఇంటికి పంపాడు. బర్జిల్లయి కోరినట్టు కింహామును వెంటబెట్టుకొని వెళ్లాడు. తన మరణ సమయంలో కూడా బర్జిల్లయి కుమారులకు ఉపకారం చేయమని సొలొమోనుకు చెప్పాడు (1 రాజులు 2:7). వృద్ధుడు తన ఇంట ఉండాలి, అతని ఇంటివారికి రాజు బల్ల దగ్గర చోటు ఉండాలి. మదనపల్లె, వేలూరు చరిత్ర మనకు చెప్పిందీ ఇదే.

8. స్థానిక సంఘం చేయదగినవి

పెద్ద భవనాలు, విదేశీ నిధులు లేకుండానే ఒక సాధారణ సంఘం చేయగల పనులు కొన్ని ఉన్నాయి.

(అ) మొదట వైద్యుని దగ్గరకు పంపాలి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్య, తీవ్రమైన మనోవ్యాకులత, తల దెబ్బ తర్వాత మెదడు చుట్టూ గడ్డకట్టిన రక్తం వంటివి కూడా మతిమరుపుగా కనిపిస్తాయి. వీటిలో కొన్నిటికి మంచి చికిత్స ఉంది. 1993లో ఆసుపత్రిగా సేవ ప్రారంభించిన తిరుపతి స్విమ్స్‌లో నరాల వైద్య విభాగం ఉంది. వేలూరు దగ్గరలోనే ఉంది. “వయసు” అని తేల్చడం కాపరి పని కాదు.

(ఆ) సందర్శనకు ఇద్దరు వెళ్లాలి. ఒకరు వృద్ధురాలి పక్కన కూర్చోవాలి. రెండవవారు వంటింట్లో ఉన్న కోడలి మాట వినాలి. ఆమె పేరు పెట్టి ప్రార్థించాలి.

(ఇ) వారానికి రెండు గంటలు ఇవ్వాలి. స్త్రీల సమాజం, యౌవనస్థుల సమాజం వంతుల ప్రకారం ఆ ఇంట కూర్చుంటే, చూసుకొనేవారు ఆరాధనకు రాగలరు, లేదా నిద్రపోగలరు. నిద్ర కూడా దేవుని వరమే.

(ఈ) ఇంటి ఆరాధన చిన్నప్పటి భాషలో జరగాలి. వ్యాధి ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన భాషలు తరచుగా మొదట జారిపోతాయి. తమిళ ఇంట పుట్టి తెలుగు సంఘంలో ఉన్న తల్లికి తమిళ కీర్తన ఊరటనిస్తుంది. మాటలు పోయినవారిలో కూడా పాట చాలాకాలం నిలుస్తుంది. కొత్త పాటలకంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పాత రాగాలు అక్కడ పనిచేస్తాయి.

(ఉ) జేబులో చిరునామా చీటీ ఉండాలి. తిరుపతి వంటి యాత్రా స్థలంలో, రైల్వే స్టేషను రద్దీలో, దారి తప్పిన వృద్ధుడు తన ఊరి పేరు చెప్పలేడు. చొక్కా లోపల కుట్టిన ఫోను నంబరు ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.

(ఊ) ప్రభుత్వ సహాయం తెలియజేయాలి. వృద్ధుల సహాయవాణి 14567, మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 ఉన్నాయి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం బిడ్డల నుంచి జీవనభృతి ఇప్పించగలదు. అయితే ఏ చట్టమూ అలసిన కోడలికి ఒక మధ్యాహ్నపు విశ్రాంతిని ఇప్పించలేదు. అది పొరుగువారు ఇవ్వాల్సిందే.

(ఋ) వేదాంత కళాశాలలు తమ వంతు చేయాలి. పరిచర్య అభ్యాసంలో ప్రతి విద్యార్థి ఒక సంవత్సరం ఇలాంటి ఒక కుటుంబంతో నడిస్తే, పుస్తకంలో దొరకని వేదాంతం అక్కడ దొరుకుతుంది.

ముగింపు

ఆసైలం రోగిని దాచింది. శానిటోరియం రోగిని కాపాడింది గాని ఇంటి నుంచి వేరుచేసింది. 1950 దశకం నుంచి వైద్యం తిరిగి ఇంటి దారి పట్టింది, కుటుంబాన్ని పనివారిగా గుర్తించింది. ఈ దారిలో మన చిత్తూరు సీమకు, దాని పొరుగుకు గౌరవమైన స్థానం ఉంది. అయితే నేడు ఆ ఇల్లే మారిపోయింది. కొడుకు బెంగుళూరులో, కూతురు కువైట్‌లో ఉంటే, చూసుకొనే చేతులు రెండే మిగులుతాయి. ఒక్కొక్కసారి అవి కూడా డెబ్బయి ఏళ్ల భర్త చేతులు. కుటుంబం చూసుకుంటుందిలే అనే మాట ఇప్పుడు సగం నిజమే. మిగతా సగం సంఘం పూర్తి చేయాలి.

పక్షవాయువు గలవానిని నలుగురు మోసి తెచ్చిన సంగతి మనం తరచుగా ప్రసంగిస్తాం (మార్కు 2:1–12). మంచానికి నాలుగు కోళ్లు ఉన్నాయి గనుక నలుగురు మోశారు. నేడు చాలా ఇళ్లలో అదే మంచాన్ని ఒక్కరు మోస్తున్నారు. వచ్చే ఆదివారం కాపరులు సంఘపు పట్టీ తీసి, ఎవరు ఎంతకాలంగా ఆరాధనకు రావడం లేదో చూడాలి. వారిలో కొందరు వెనుదిరిగినవారు కారు. మంచం పక్కన ఉన్నవారు.